బాక్స్ ట్రక్కుకు ఇఫ్టా లైసెన్సు: ట్రెయిలర్ తగిలిస్తే లెక్క మారుతుంది

నమస్కారమండీ. డాలస్‌లో 26,000 పౌండ్లకు రిజిస్టరైన మీ రెండు ఇరుసుల ట్రక్కుతో ఓక్లహోమాకు సరుకు వేస్తున్నారు కాబట్టి రాష్ట్రాల మధ్య ఇంధన పన్ను ఒప్పందమైన ఇఫ్టా కింద లైసెన్సు కావాలా అని అడిగారు. ట్రక్కు ఒక్కటే వెళితే అక్కర్లేదు. ఇఫ్టా పన్ను వర్తించే వాహనం నిర్వచనంలో, రెండు ఇరుసుల బండికి ఉన్నది 26,000 పౌండ్లు "మించిన" బరువు. సరిగ్గా అంతే ఉన్న బండి దాని పరిధిలోకి రాదు. అమ్మకందార్లు ఈ అంకెను ఎంచుకునేది ఊరికే కాదు.

అయితే అప్పుడప్పుడు 7,000 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తామన్నారు, చిక్కంతా అక్కడే ఉంది. రెండూ కలిపిన బరువు 26,000 దాటితే, ఆ జతగా నడిపినంతసేపూ అది పన్ను వర్తించే వాహనమే. మీది 33,000 అవుతుంది. మూడు లేదా అంతకు మించి ఇరుసులు ఉన్న బండికైతే బరువుతో నిమిత్తం లేకుండా ఇఫ్టా వర్తిస్తుంది. సొంత విహారానికి మాత్రమే వాడే మోటార్ హోమ్‌కు మినహాయింపు ఉంది గానీ, వ్యాపారానికి వాడితే అది వర్తించదు.

ఇఫ్టాకు హద్దు అంటూ మీ మిత్రుడు చెప్పిన 10,001 పౌండ్లు ఫెడరల్ భద్రతా నియమాలలోని హద్దు, దీనితో కలపకండి.

ట్రెయిలర్‌తో వెళ్లడం అరుదైతే ట్రిప్ పర్మిట్ (ఆ ప్రయాణానికి మాత్రమే తీసుకునే తాత్కాలిక అనుమతి) చాలు. తరచైతే టెక్సస్ కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల అధికారి) దగ్గర లైసెన్సు తీసుకోండి. ఆపైన బండి కదలని త్రైమాసికానికి కూడా రిటర్ను వేయాలి, మైళ్ల లెక్కలు, డీజిల్ రసీదులు నాలుగేళ్లు దాచాలి.