వంజంగి వెళ్తున్న బుజ్జికి అత్త రాసేది

బుజ్జీ,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడే, నువ్వూ నీ ఫ్రెండ్సూ పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద టెంట్ వేసుకుని రాత్రంతా ఉంటారట. ముందు గుండె దడదడలాడింది, తర్వాత మా బుజ్జి కొండెక్కుతోందని పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను. స్వెటర్, టార్చి, మంచినీళ్ళు, అవి నీకు తెలుసు. ఎవరూ చెప్పనిది నేను చెప్తా, సిగ్గుపడకుండా చదువు. దొడ్డికెళ్ళే సంగతి.

1988లో పాడేరు వైపు టీచరుగా చేరాను కదా, ఆ చలికాలం మేం నలుగురు టీచర్లం ఓ రాత్రి కొండ మీద మంటేసుకుని ఉండిపోయాం. తెల్లారగట్ల నాకు ఆగలేదు. చీకటి, భయం, కడుక్కోడానికి నీళ్ళుంటాయి కదా అని గెడ్డ, అదే కొండవాగు, పక్కనే రాళ్ళ చాటున కూర్చుని వచ్చేశాను. పొద్దున్న దిగుతుంటే అదే గెడ్డ, కింద మలుపులో నా మూడో క్లాసు పిల్ల బిందె ముంచుతోంది. నన్ను చూసి నవ్వి, టీచర్ నీళ్ళు తాగుతారా అని ఆనపబుర్రతో అందించింది. నాకు నోరు పెగల్లేదు. ఆ నీళ్ళు ఇంటికి తీసుకెళ్ళకమ్మా అని ఒక్క ముక్క చెప్పలేకపోయానే, సిగ్గుతో. ఆ నెల బడిలో ఎవరికి విరేచనాలైనా నా వల్లేనేమో అనిపించేది, ఔనో కాదో ఎప్పటికీ తెలీలేదు. ఆ పిల్ల చెయ్యి చాపడం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అందుకని గెడ్డకీ ఊటకీ దారికీ టెంటుకీ కనీసం 70 పెద్ద అంగలు, అంటే దాదాపు 200 అడుగుల దూరం వెళ్ళు, లెక్కపెట్టుకుంటూ. రాతి మీద కాదు, ఆకులు కుళ్ళిన నల్లమట్టి చూసుకుని జానెడు కంటే కాస్త తక్కువ, 6 నుంచి 8 అంగుళాలు గొయ్యి తవ్వు. మరీ లోతైతే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తక్కువ, పైపైన కప్పితే వానకి కొట్టుకొస్తుంది, జంతువులు తవ్వుతాయి. అయ్యాక అదే మట్టి పోసి ఆకులు కప్పెయ్. నీళ్ళు బాటిల్లో పట్టుకెళ్ళి అక్కడే కడుక్కో, సబ్బు కూడా గెడ్డలో కలపకు. తడి టిష్యూల్లో చాలావాటిలో ప్లాస్టిక్ దారాలుంటాయి, ఏళ్ళు గడిచినా కుళ్ళవు. అవీ ప్యాడ్లూ పాతిపెట్టడం, కాల్చడం వద్దు, జిప్ కవర్లో కట్టి కిందికి తెచ్చెయ్.

కాఫీ తోటల్లోకి మాత్రం అస్సలు వెళ్ళకే. అవి ఆ ఊళ్ళవాళ్ళ బతుకు, చలికాలం పళ్ళు కోసే రోజులు, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళుంటారు, పాడైన మట్టిలోంచి కొంకిపురుగు, అదే హుక్‌వార్మ్, పాదాల్లోంచే ఎక్కేస్తుంది.

ఇంకోటి, ఏటే, ఎక్కడికెళ్ళాలో తెలీదని నీళ్ళు తాగడం మానేస్తావు, నాకు తెలుసు! పదో క్లాసు ఎక్స్‌కర్షన్‌కెళ్ళి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వచ్చి మూడ్రోజులు నా ఒళ్ళోనే పడుకున్నావు, జ్వరంతో కాలిపోతూ. ఈసారి బిగబట్టుకుంటే ఊరుకోను. రాత్రైతే ఒక్కదానివి వెళ్ళకు, ఒక ఫ్రెండ్‌ని లేపు, తను కాస్త దూరంలో వెనక్కి తిరిగి టార్చి పట్టుకుని నిల్చుంటుంది, కూర్చునే ముందు కర్రతో ఆకులు కదుపు, పాములుంటాయి.

నా గులాబీ కుండీల చేతిపార మీ నాన్నతో పంపుతున్నా. నాకు అదొక్కటే ఉంది, కడిగి తిరిగి తెచ్చియ్యి. పాడేరు దిగగానే ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే.

మీ అత్త