ట్రస్టుకి రాబడి పడిపోతే అందరికీ సమానంగా కోత పెట్టొచ్చా?

రాజాం నుంచి మీరు అడిగింది ఇదీ: నాన్నగారి పేరున ఉన్న మీ చిన్న ట్రస్టు అయిదారు సంస్థలకి ఏటా గ్రాంట్లు ఇస్తోంది. వ్యాపారాలు బాగోక చందాలు ఆగిపోయాయి. అందరికీ తలా పాతిక శాతం తగ్గించేస్తే ఎవరూ ఏమీ అనరు కదా, లేకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి ఇవ్వాలా?

ఎవరూ ఏమీ అనరు, నిజమే. మేమూ అదే ధైర్యంతో చేసి చేతులు కాల్చుకున్నాం.

శ్రీకాకుళంలో ఒక ధాన్యం వ్యాపారి పెట్టిన ట్రస్టుకి పదకొండేళ్లు లెక్కలు రాశాను. రాబడి మూడు దారుల్లో వచ్చేది: డిపాజిట్ల వడ్డీ, ఊళ్లో వర్తకుల చందాలు, పైడిభీమవరం వైపు ఒక కంపెనీ సీఎస్సార్ సొమ్ము (కంపెనీలు చట్టం ప్రకారం సమాజసేవకి ఖర్చు పెట్టాల్సిన డబ్బు). 2020లో ఈ మూడూ మూడు రకాలుగా తగ్గాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన వారానికే చందాలు బంద్. కొట్టు తెరవని మనిషిని చందా అడగడానికి నాకే నోరు రాలేదు. వడ్డీ నెమ్మదిగా కరిగింది. రిజర్వు బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తను అప్పిచ్చే వడ్డీ రేటుని, మార్చి 27న 5.15 నుంచి 4.40కి, మే 22న 4 శాతానికి దించింది. పాత డిపాజిట్లు పాత రేటు మీదే నడిచాయి కానీ, గడువు తీరి మళ్లీ వేసినప్పుడల్లా దెబ్బ తెలిసింది.

కంపెనీ సొమ్ము లెక్క వేరు. చట్టం ప్రకారం వాళ్లు ఖర్చు పెట్టాల్సింది అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. అంటే గడ్డు ఏడాదిలో అది పెద్దగా తగ్గదు, ఆ తర్వాత రెండు మూడేళ్లు తగ్గుతుంది. వర్తకులు కోలుకుని మళ్లీ చందాలిస్తున్నప్పుడు కంపెనీ చెయ్యి బిగుస్తుందన్నమాట. మాకైతే ఆ ఏడాదే ఆగిపోయింది. కోవిడ్ పనులకీ, ప్రధాని పేరున పెట్టిన పీఎం కేర్స్ నిధికీ ఇచ్చినా సీఎస్సార్ కిందకే వస్తుందని కేంద్రం చెప్పడంతో అటు మళ్లింది. తప్పు పట్టడానికి లేదు.

జూన్‌లో ట్రస్టీలు ఫోన్‌లోనే మాట్లాడుకుని అందరికీ 40 శాతం కోత అన్నారు. పేచీలు రావు, పక్షపాతం అన్న మాట రాదు. ఉత్తరాలు నేనే టైపు చేశాను.

ఉద్దానం నుంచి డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఆటో ఖర్చు ఇచ్చే చిన్న సంఘం ఒకటి మా జాబితాలో ఉండేది. వారానికి రెండుసార్లు వెళ్లాల్సిన మనిషికి ఆటో డబ్బుల్లో 40 శాతం కోస్తే ఏం చేస్తాడు? ఒకసారి మానేస్తాడు. సీతంపేట ఏజెన్సీలో సాయంత్రం బడి నడిపే ఇంకో సంఘానికి మేం తప్ప దాత లేరు. ఇద్దరు టీచర్లలో ఒకమ్మాయి మానేసింది, రెండు నెలలకి బడే మూతపడింది. అదే జాబితాలో జిల్లా కేంద్రంలో ఉన్న పెద్ద సంస్థకి మా కోత తగిలినట్టే తెలియలేదు, వాళ్లకి ఇంకా తొమ్మిది మంది దాతలున్నారు. కాగితం మీద సమానంగానే కోశాం మరి.

ఆ బడి నడిపే ఆవిడ తర్వాత కలిసినప్పుడు కోప్పడలేదు. "తగ్గిస్తే తగ్గించారు బావూ, ముందే ఒక మాట సెప్తే ఏదోటి సూసుకుందుం కదా" అంది. నా ఉత్తరం ఆవిడకి చేరింది విడత డబ్బు పడాల్సిన రోజు దాటాక.

2021లో రెండో వేవ్ వచ్చేసరికి పద్ధతి మార్చాం. ముందు అందరికీ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాను: మేం కాక మీకు ఇంకెవరిస్తున్నారు? ఈ నెల మేం ఇవ్వకపోతే ఏది ఆగిపోతుంది? దాన్నిబట్టి మేమొక్కళ్లమే ఆధారమైన రెండు సంస్థలకి పైసా తగ్గించలేదు. పెద్ద సంస్థకి ఆ ఏడాది పూర్తిగా ఆపేసి, ఎందుకో విడమరిచి చెప్పాం. వాళ్లు మంచి మనసుతో ఒప్పుకున్నారని చెప్పలేను, కొంచెం ముభావంగానే ఒప్పుకున్నారు. కుట్టు మిషన్లు, బోర్డులు, వార్షికోత్సవాల లాంటివి వాయిదా వేసి జీతాలు, తిండి, మందులు, ప్రయాణం నిలబెట్టాం. శిక్షణకని ఇచ్చిన డబ్బు జీతాలకి వాడుకోవచ్చని లిఖితంగా ఇచ్చాం. ఈ ఉత్తరం లేకపోతే వాళ్ల ఆడిటర్ దగ్గర వాళ్లు ఇరుక్కుంటారు. మూడు నెలలకోసారి రాయించే పది పేజీల రిపోర్టు కూడా మానిపించాం. నిజం చెప్పొద్దూ, అది మేమూ ఎప్పుడూ పూర్తిగా చదవలేదు.

డిపాజిట్ విషయం. మా దగ్గరా దీని మీద గొడవే అయింది. వ్యవస్థాపకుడిది ధాన్యం బుర్ర: "విత్తనాల వడ్లు వండుకుంటామా?" అన్నారు. దానికి పలాస వైపు ట్రస్టీ, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరితోటంతా పోగొట్టుకున్న పెద్దాయన, "విత్తడానికి మనిషి మిగలాలి కదా బావూ" అన్నాడు. చివరికి ఒక చిన్న డిపాజిట్ విరిచాం. మీరు విరిచే ముందు అది దాత కార్పస్ (అంటే ట్రస్టుకి మూలధనంగా ఉంచమన్నది) అని రాసి ఇచ్చిన సొమ్మా, మీరు మిగుల్చుకున్నదా చూసుకోండి. కార్పస్ నుంచి తీసి చేసిన ఖర్చు 2021 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను లెక్కలో ధర్మకార్యం మీద ఖర్చుగా చెల్లదు. పన్ను మినహాయింపు దక్కాలంటే ట్రస్టు ఏటి ఆదాయంలో 85 శాతం ధర్మకార్యాల మీద ఖర్చు చూపించాలి కదా, అక్కడ దెబ్బ తగులుతుంది. ఇంకోటి, 2023 బడ్జెట్ మార్పు తర్వాత మీరు మరో ట్రస్టుకి లక్ష ఇస్తే మీ ఖాతాలో 85 వేలే ఖర్చు కింద లెక్క. మీ గ్రాంట్లన్నీ ట్రస్టులకే వెళ్తుంటే ఆడిటర్‌తో ఇప్పుడే కూర్చోండి, మార్చి దాకా ఆగొద్దు.

అమెరికాలో ఉన్న బంధువులని అడుగుదామన్న ఆలోచన మీకూ వచ్చే ఉంటుంది. పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు కనుక్కోండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు, అనుమతి ఉన్నా 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. గ్రాంట్లిచ్చే ట్రస్టుకి ఆ డబ్బు పనికిరాదు.

మేం ఇప్పుడు పాటిస్తున్నది: గ్రాంట్ల మొత్తాన్ని కిందటేటి రాబడి చూసి కాకుండా మూడేళ్ల సగటు మీద కడుతున్నాం. పెద్ద డిపాజిట్ ఒకటే ఉంచకుండా, గడువులు వేర్వేరు నెలల్లో తీరేలా చిన్నచిన్నవిగా విడగొట్టాం. సీతంపేట బడి 2022లో మళ్లీ తెరుచుకుంది. మానేసిన అమ్మాయి అప్పటికే పెళ్లయి వెళ్లిపోయింది, కొత్త టీచర్ని వెతకడానికి అయిదు నెలలు పట్టింది.

శిక్షణ డబ్బు జీతాలకి వాడుకోమని ఇచ్చిన ఉత్తరం నమూనా నా దగ్గరుంది, తెలుగులోనే. కావాలంటే అడగండి, మా పేర్లు తీసేసి పెడతాను.