వెయిటర్‌ని అడగడానికి మొహమాటమా?

ప్రశ్న: నేను గుడ్డు కూడా ముట్టని శాకాహారిని. ఆఫీసులో నా స్నేహితులు నలుగురూ ఏ సంబరమొచ్చినా ఇటాలియన్ రెస్టరెంటుకే దారితీస్తారు. మెనూలో సగం పేర్లు నాకు పలకడమే రాదు. కిందటిసారి అందరి ముందూ వెయిటర్‌ని అడగడానికి మొహమాటపడి, తెల్ల సాస్ పాస్తా కాబోలనుకుని కార్బొనారా చెప్పాను. తీరా వస్తే అందులో గుడ్డు, పంది మాంసం ముక్కలు! ఆకలి లేదని ప్లేటు పక్కకి జరిపేసి బ్రెడ్డు తింటూ కూర్చున్నాను. బిల్లు మాత్రం అయిదు సమాన వాటాలు వేశారు. వచ్చే శనివారం మళ్లీ రమ్మంటున్నారు. ఏదో వంక చెప్పి మానెయ్యనా మేడమ్?

- ఒక పాఠకురాలు

జవాబు: మానెయ్యకండి. ఆకలితో వెళ్లండి.

ఈ మొహమాటం నాకూ కొత్త కాదు. మొదటిసారి అలాంటి చోటికి వెళ్లినప్పుడు, పేరు బాగుంది కదా అని కార్పాచ్చో చెప్పాను. కాగితమంత పల్చటి ఎర్రటి మాంసం రేకులు ప్లేటుకి అతుక్కుని వచ్చాయి, పైన తెల్ల సాస్ గీతలతో. వీటిని కాల్చే పెనమేదో వెనకాల వస్తుంది కాబోలని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పావుగంటకి వెయిటర్ వచ్చి, ‘నచ్చలేదా అండీ?’ అన్నాడు. ‘ఇంకా వండలేదుగా’ అన్నాను. ఒక స్నేహితురాలు నాప్కిన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. అది పచ్చిగా తినేదేనట! వెనిస్‌లో హ్యారీస్ బార్‌లో పుట్టిన వంటకం; ఆ ఎరుపూ తెలుపూ చూసి విత్తోరె కార్పాచ్చో అనే పాతకాలం చిత్రకారుడి పేరు పెట్టారట. ఈ చరిత్రంతా తరవాత తెలుసుకున్నాను. ఆ రాత్రి మాత్రం నేను కూడా బ్రెడ్డే తిన్నాను.

ఇక మీ సంగతి. సిసలైన కార్బొనారాలో క్రీమ్ ఊసే ఉండదు. గుడ్డు సొన, పెకొరీనో చీజ్, గ్వాంచాలె అనే పంది దవడ మాంసం, మిరియాలు, అంతే. మీరు తెల్ల సాస్ అనుకున్నది గుడ్డూ చీజూ కలిసిన చిక్కదనం. అందుకే ‘వెజ్జేనా?’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టుకోకండి. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో చాలాసార్లు గుడ్డు కలుపుతారు. ప్యాకెట్లలో వచ్చే ఎండు స్పగెట్టీలో మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లే. రిసోట్టో పుట్టగొడుగులదే అయినా, బియ్యం ఉడికించింది మాంసం ఉడికించిన నీళ్లలోనేమో అడగాలి. అసలైన పార్మిజానో చీజ్ కోసం పాలని దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతోనే విరగ్గొడతారు. పచ్చగా అమాయకంగా కనిపించే పెస్తో అనే ఆకుల సాస్‌లోనూ ఆ చీజ్ పడుతుంది. దీనికి పట్టింపు ఉందో లేదో మీరే తేల్చుకోండి. తెలిసి తినడం వేరు, తెలియక తినడం వేరు.

మరి ఏం తినాలంటారా? వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరపతో చేసే ఆల్యో ఎ ఓల్యో పాస్తా నాకు ప్రాణం. కారం కావాలంటే టమాటా సాస్‌తో అరాబియాటా. చీజ్ వద్దని రెండింటికీ ముందే చెప్పండి, పైన తురిమేస్తారు. పిజ్జాలో అయితే మరినారా. పేరులో సముద్రం ఉందని బెదరకండి, నేపుల్స్ పద్ధతిలో దాని మీద చేపా ఉండదు, చీజూ ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె. ఇక తీపి వంటకాలు: తిరమిసూలో గుడ్లుంటాయి, పన్నా కోట్టా గడ్డకట్టేది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో. పాలు వేయని ఐస్ లాంటి నిమ్మ సోర్బెట్టో ఉంటే చివర్లో అది చెప్పుకోండి, దాంట్లోనూ గుడ్డు తెల్లసొన వేయలేదు కదా అని ఒక మాట అడిగి.

ఇవన్నీ అందరి ముందూ అడగలేనంటే శనివారం పొద్దున్నే రెస్టరెంటుకి ఫోన్ చెయ్యండి. వంటింట్లో హడావుడి లేనప్పుడు వాళ్లు ఓపిగ్గా చెబుతారు.

బిల్లు మాట బిల్లు వచ్చాక ఎత్తితే పేచీలా ఉంటుంది. మెనూ చేతికి రాగానే, నవ్వుతూనే, ‘నాది నేనిచ్చుకుంటా, మీ వైన్ మీరు పంచుకోండి’ అనెయ్యండి. సమాన వాటాలకి ఇటలీ వాళ్లు ‘అల్లా రొమానా’ అని పేరే పెట్టుకున్నారు, అది తప్పేం కాదు. అందరూ నాలుగు పిజ్జాలు మధ్యలో పెట్టుకుని లాగించిన రోజున అంతకన్నా సుఖం లేదు. నలుగురు సీసా ఖాళీ చేసి మీరు మంచినీళ్లు తాగిన రోజున మాత్రం అది కుదరదు. మీ స్నేహితులకి ఈ తేడా తట్టి ఉండదంతే. మీరు చెప్పలేదుగా మరి!

పేర్లు పలకడం రాకపోతే మెనూ మీద వేలు పెట్టి ‘ఇది’ అనండి. న్యోక్కి అనే వంటకం దగ్గర నేనిప్పటికీ చేసేది అదే.