ఇంటి తలుపు తీసి పార్కు దాకా

"అక్కా, వచ్చి నాలుగు నెలలు దాటింది. ఆయన పొద్దున ఏడింటికి వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే వస్తారు. హీటర్ పక్కన కూర్చుని అమ్మతో వీడియో కాల్, వంట, నిద్ర. ఇంతే. ఆరు కిలోలు పెరిగాను. పరుగు మొదలుపెట్టాలని ఉంది కానీ బయట చలి, చీకటి. ఒక్కదాన్నే పార్కులో పరుగెడుతుంటే ఎవరేమనుకుంటారో అని కూడా ఉంది."

లండన్ పడమటి వైపు హౌన్‌స్లోలో కొత్తగా కాపురం పెట్టిన ఒక చెల్లెలు మొన్న నన్ను అడిగిన మాటలివి. అదే వారంలో తూర్పు లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉండి చదువుకుంటున్న తమ్ముడొకడు, జిమ్ముకు కట్టడానికి డబ్బుల్లేవు, ఒళ్లు కదలట్లేదు, గదిలో ఉంటే దిగులుగా ఉంటోంది, ఏం చెయ్యమంటారు అన్నాడు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. మీ ఇంటికి దగ్గర్లో ఒక పార్కును ఎంచుకోండి. రోజూ ఒకే వేళకు అక్కడికి వెళ్లండి. ఎండాకాలం రానిద్దాం అని ఆగకండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను ఆగాను కాబట్టి. 2008 జనవరిలో హన్మకొండ నుంచి వచ్చాను. మా ఊళ్లో పొద్దున్నే నాన్నతో భద్రకాళి చెరువు కట్ట మీద నడవడం అలవాటు. ఇక్కడ చూస్తే ఎనిమిదైతే గానీ తెల్లవారదు, నాలుగున్నరకల్లా చీకటి. కర్టెన్ కొంచెం పక్కకు జరిపి చూడటం, మళ్లీ మూసెయ్యడం. మార్చి నెలాఖరు దాకా అట్లాగే గడిచింది. ఒకరోజు కింగ్‌స్టన్‌లో పని ఉండి 111 బస్సెక్కాను. హాంప్టన్ కోర్ట్ దగ్గర కిటికీలోంచి పెద్ద పెద్ద చెట్ల వరుస కనబడింది. ఎందుకో దిగిపోయాను. గేటు దాటి లోపలికి పది అడుగులు వేశానో లేదో, నెత్తి మీద రామచిలుకల గోల. నిజంగా మన రామచిలుకలే, ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు, మెడకు గీత. మా అమ్మమ్మ వాళ్ల జామచెట్టు మీద వాలే జాతే. పెంపుడు పంజరాల్లోంచి తప్పించుకున్న వాటి సంతతి ఇప్పుడు లండన్ పార్కులన్నిటా, ముఖ్యంగా ఈ నైరుతి వైపు, వేలల్లో ఉంది. మంచులో కూడా బతుకుతున్నాయి. ఆ చెట్టు కింద నిలబడి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఆ తర్వాత బుషీ పార్కుకు వెళ్లని వారం లేదు.

ఆ పార్కు పదకొండు వందల ఎకరాలు. మధ్యలో రోడ్డుకు రెండు పక్కలా చెస్ట్‌నట్ చెట్ల బారు, జింకల మందలు, డయానా ఫౌంటెన్ అని పెద్ద నీటి గుండం. ఇప్పుడు దేశదేశాల్లో జరుగుతున్న పార్క్‌రన్ మొదలైంది ఇక్కడే. 2004 అక్టోబరు 2న పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన దీన్ని పెట్టారు. దెబ్బ తగిలి తాను పరుగెత్తలేని స్థితిలో ఉండి, పరుగు స్నేహితులను మాత్రం వదులుకోలేక, శనివారం పొద్దున అందరూ కలిసి అయిదు కిలోమీటర్లు పరుగెత్తండి, నేను టైము రాస్తాను అన్నారు. ఆ రోజు వచ్చింది పదమూడు మంది. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో గుర్తుకు హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న వాషర్ల మీద అంకెలు కొట్టి ఇచ్చేవారట. ఇప్పుడు అదే చోట శనివారం వస్తే వెయ్యి మందికి పైగా కనబడతారు.

దీని పద్ధతి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇది క్లబ్బేమో, ఫీజుంటుందేమో అనుకుని దూరంగా ఉంటారు. రూపాయి కట్టక్కర్లేదు, అంటే పౌండు కూడా. ఆన్‌లైన్‌లో ఒక్కసారి పేరు నమోదు చేసుకుంటే మీకో బార్‌కోడ్ ఇస్తారు, అది జీవితాంతం చెల్లుతుంది. ఫోన్లో చూపించినా సరే, కాగితం మీద ప్రింటు తీసుకెళ్లినా సరే. ఇంగ్లండులో శనివారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి మొదలు. అంతకు పది నిమిషాల ముందు కొత్తవాళ్లను పక్కకు పిలిచి దారి, పద్ధతి చెప్తారు. సిగ్గుపడకుండా వెళ్లి నిలబడండి. గీత దాటగానే చేతికి ఒక టోకెన్ ఇస్తారు, దాన్నీ మీ బార్‌కోడ్‌నీ స్కాన్ చేస్తారు, ఇంటికెళ్లేసరికి మీ టైము మెయిల్లో ఉంటుంది. బార్‌కోడ్ మరిచిపోతే పరుగెత్తనిస్తారు కానీ టైము రాదు. పిల్లలున్నవాళ్లకు ఆదివారం పొద్దున జూనియర్ పార్క్‌రన్ ఉంది, నాలుగు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, రెండు కిలోమీటర్లు.

ఈస్ట్‌హామ్ తమ్ముడికి బుషీ దాకా రావాల్సిన పని లేదు. తన దగ్గర్లోనే వాన్‌స్టెడ్ ఫ్లాట్స్‌లో పార్క్‌రన్ ఉంది, ఇల్‌ఫర్డ్ వాలెంటైన్స్ పార్కులోనూ ఉంది.

"అందరికన్నా వెనక పడితే?" అని చెల్లెలు మళ్లీ అడిగింది. పడలేరు. టెయిల్ వాకర్ అని ఒక వాలంటీరు ఉంటారు, అందరికన్నా చివర నడవడమే వారి పని. మొత్తం నడిచేవాళ్లు కూడా చాలామందే ఉంటారు, ఎవరూ ఏమీ అనరు. నా మొదటి శనివారం నేను యాభై నిమిషాలు తీసుకున్నాను. చివరి మలుపు దగ్గర డెబ్బయ్యేళ్ల పెద్దావిడ ఒకరు వాలంటీరు జాకెట్ వేసుకుని నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికి మూడు నెలలుగా ఈ దేశంలో భర్త తప్ప నా కోసం చప్పట్లు కొట్టిన మనిషి లేరు. తర్వాత ఆవిడ పక్కనే నేనూ జాకెట్ వేసుకుని నిలబడ్డాను. ఇంగ్లిషు మాట్లాడటానికి భయపడేవాళ్లకు నేను ముందుగా చెప్పేది వాలంటీరుగా చేరమనే. స్కానర్ పట్టుకుని నిలబడితే మనుషులే మీ దగ్గరికి వచ్చి మాట్లాడతారు. ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ఇక్కడి పరిచయాలు అక్కరకొచ్చినవాళ్లు నాకు తెలుసు.

అలవాటు లేనివాళ్లు ఒక్కసారే అయిదు కిలోమీటర్లకు దూకకండి. ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ల 'కౌచ్ టు ఫైవ్ కే' అనే యాప్ ఉచితం. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విశ్రాంతి. మొదటి వారం అయిదు నిమిషాలు గబగబా నడిచి, ఆపైన ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, అట్లా ఇరవై నిమిషాలు. అంతే. మోకాళ్లు నొప్పి పుడితే తగ్గేదాకా ఆగండి, కష్టమనిపిస్తే వారాన్ని మళ్లీ చెయ్యండి, తొందరేం లేదు. మనవాళ్లు చేసే తప్పేమిటంటే ఇండియా నుంచి తెచ్చుకున్న పాత స్పోర్ట్స్ షూస్‌తోనే తడి గడ్డి మీద దిగుతారు. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ షూస్ దగ్గర వద్దు. చలికాలం పార్కుల్లో బురద ఉంటుంది, అడుగు పట్టు ఉన్నవి కొనుక్కోండి.

చలికి ఏం వేసుకోవాలి అని అందరూ అడుగుతారు. బయట ఉన్న వేడికన్నా పది డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని వేసుకోండి. గుమ్మం దాటిన మొదటి పది నిమిషాలు కొంచెం వణకాలి, అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. పెద్ద జాకెట్ వేసుకుంటే కిలోమీటరు తిరిగేసరికి చెమటతో తడిసి, ఆగగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. పలుచనివి రెండు పొరలు, చెవులు కప్పే టోపీ, చేతికి గ్లవ్స్ చాలు. నూలు బనీను వద్దు, తడి పట్టుకుంటుంది. వాన పడితే మానకండి, ఇక్కడి ముసురు అట్లాగే పడుతుంటుంది. మానాల్సింది నేల గడ్డకట్టినప్పుడు. తారు మీద కంటికి కనబడని మంచు పొర ఉంటుంది, కాలు జారితే మణికట్టు విరుగుతుంది. అట్లాంటి శనివారాల్లో పార్క్‌రన్ కూడా రద్దు చేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి.

చీకటి మాట వేరు. భయం అనవసరం అని నేను అనను. డిసెంబరులో మూడు గంటల యాభై నిమిషాలకే సూర్యుడు కుంగిపోతాడు, పార్కుల్లో చాలావాటికి లోపల లైట్లుండవు. పొద్దు గుంకాక ఆడవాళ్లయినా మగవాళ్లయినా పార్కు లోపలికి, కాలువ గట్ల మీదకు ఒక్కరే వెళ్లొద్దు. దీపాలున్న వీధి ఫుట్‌పాత్ మీద, లేత రంగు మెరిసే జాకెట్‌తో పరుగెత్తండి, లేదా నలుగురితో కలిసి వెళ్లండి. చెల్లెలికి నేను చెప్పిన వేళ మధ్యాహ్నం పన్నెండు. ఇంట్లో ఉండే మనిషికి ఆ వేళ దొరుకుతుంది, వెలుతురూ అప్పుడే ఉంటుంది. ఎవరేమనుకుంటారో అన్న సందేహానికి జవాబు మొదటి రోజే దొరికింది తనకు. ఎదురుపడినవాళ్లు "హలో" అని తల ఊపి వెళ్లిపోతారు. మీరూ ఊపండి. వారం తిరిగేసరికి కుక్కల పేర్లు తెలుస్తాయి, నెల తిరిగేసరికి వాటిని తెచ్చేవాళ్ల పేర్లు. కుక్క మీదికొస్తే పరుగు ఆపి నిలబడండి, యజమాని పిలుచుకుంటారు. పరుగెత్తితే ఆటనుకుని వెంటపడుతుంది.

అక్టోబరు నుంచి మార్చి మొదటిదాకా ఇక్కడి ఎండలో మన ఒంటికి కావలసిన డి విటమిను తయారు కాదు, ఎంత తిరిగినా సరే. రోజుకు పది మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమని ఎన్‌హెచ్‌ఎస్ అందరికీ చెప్తుంది. మన రంగు ఒళ్లున్నవాళ్లయితే ఏడాది పొడవునా వేసుకోవడం గురించి ఆలోచించమంటుంది. బరువు విషయంలో కూడా మనకు లెక్క వేరు. తెల్లవాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 25 దాటితే హెచ్చరిక, దక్షిణాసియా వాళ్లకు 23 నుంచే. మనకు షుగరు తొందరగా వస్తుంది. అందుకే ఆరు కిలోలన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఇక అమ్మానాన్నలు. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే టీవీ ముందు కూర్చుని, ఎప్పుడెప్పుడు పోదామా అని రోజులు లెక్కపెట్టుకునే పెద్దవాళ్లను ఎంతమందిని చూశానో. వాళ్లను మే నుంచి సెప్టెంబరు మధ్యలో పిలిపించుకోండి. జూన్‌లో రాత్రి తొమ్మిదింపావు దాకా వెలుతురుంటుంది, భోజనం చేశాక కూడా నడవచ్చు. మొదటి వారం మీరు వెంట ఉండి ఇంటి నుంచి పార్కుకు ఒకే దారి, అందులో ఒకే బెంచీ, టాయిలెట్ ఎక్కడుందో చూపించండి. అడ్రసు రాసిన చీటీ జేబులో పెట్టండి. ఇన్సూరెన్సు లేకుండా మాత్రం తీసుకురావొద్దు, పడి ఆసుపత్రిలో చేరితే విజిటర్లకు బిల్లు చాలా పెద్దది. మా నాన్న వచ్చినప్పుడు రెండో వారానికే ఆ బెంచీ మీద ఒక పంజాబీ పెద్దాయనతో స్నేహం కుదిరింది. ఈయనకు పంజాబీ రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన హిందీ నాలుగు ముక్కలు. నాన్న వెళ్లిపోయాక ఆ పెద్దాయన నెల రోజుల పాటు నన్ను ఆపి కుశలం అడిగారు.

పార్కు మనది అనుకున్నాక దాని కట్టుబాట్లు కూడా మనవే. బుషీ లాంటి రాయల్ పార్కుల్లో పూలు కోయకూడదు. బతుకమ్మకు గడ్డిపూలు కోసుకోబోయి మాట పడ్డవాళ్లున్నారు. పూలు మార్కెట్లో కొనుక్కోండి, బతుకమ్మను అక్కడి చెరువుల్లో వదలకండి. బొగ్గుల మీద కాల్చుకునే బార్బెక్యూలు ఆ పార్కుల్లో నిషేధం, వనభోజనాలకు వండుకునే తీసుకెళ్లండి. చాలామంది చేరేటట్టయితే ముందే అనుమతి అడగండి. జింకలకు యాభై మీటర్ల దూరంలో ఉండండి, తిండి పెట్టకండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మగ జింకలు ఒకదాన్నొకటి కుమ్ముకునే కాలం, ఫోటో కోసం పిల్లల్ని వాటి దగ్గర నిలబెట్టిన తల్లిదండ్రులను చూసి నా గుండె ఆగినంత పనైంది. పొడుగు గడ్డిలో తిరిగొస్తే కాళ్లు చూసుకోండి, పిడుజు లాంటి చిన్న పురుగు పట్టుకుంటుంది. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నెమ్మదిగా లాగెయ్యండి. తర్వాత ఆ చోట ఎర్రగా మచ్చ పెరుగుతూ పోతే డాక్టరుకు చూపించాలి, దాన్ని ఊరికే వదలొద్దు. ఇంకొకటి, శరదృతువులో నేల మీద రాలే నున్నటి గోధుమరంగు కాయలు చూడటానికి తినే చెస్ట్‌నట్లలాగే ఉంటాయి. బుషీలో బారుగా ఉన్నవి హార్స్ చెస్ట్‌నట్లు. అవి తినకూడదు, పిల్లల నోట్లోకి పోనివ్వకండి.

చెల్లెలు పోయిన శనివారం 111 బస్సులో వచ్చింది. ఎనిమిది నలభైకి ఫౌంటెన్ దగ్గర నిలబడి ఉంది, చేతిలో ప్రింటు తీసిన బార్‌కోడ్ చలికి వణుకుతోంది. సగం నడిచి, సగం పరుగెత్తి నలభై ఏడు నిమిషాలకు వచ్చింది. ఊపిరి తీసుకుంటూ తల పైకెత్తి, "అక్కా, అవి చిలుకలేనా?" అంది.