బొచ్చు ఊడిన కయోటీ మేకల కొట్టం దాకా వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో డల్లాస్‌కు ఉత్తరాన మాకు చిన్న మేకల ఫారం ఉంది. బోయర్, స్పానిష్ మేకలు పెంచుతున్నాం. మందకు కాపలాగా ఒక గ్రేట్ పిరనీస్ కుక్క, ఇంటి దగ్గర ఒక ఆస్ట్రేలియన్ షెపర్డ్ కుక్క ఉన్నాయి. పక్క పొలంలో వేటకు వచ్చినవాళ్లు మొన్న ఒక కయోటీని (తోడేలు కంటే చిన్నగా ఉండే అడవి కుక్కజాతి జంతువు) కొట్టారు. దాని ఒంటిమీద బొచ్చే లేదు. చర్మం ఏనుగు తోలులా మందంగా, నల్లగా ఉంది, ఒకటే కంపు. అలాంటిదే ఇంకొకటి పట్టపగలు మా కొట్టం వెనక గడ్డి బేళ్ల మధ్య పడుకుంటోంది. ఇది గజ్జేనా? మేకలకు అంటుకుంటుందా? కాల్చేయమని వేటగాళ్లు అంటున్నారు. చికెన్ ముక్కలో ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు పెట్టి బతికిద్దామని మా ఆవిడ అంటోంది. ఫొటో పంపుతున్నాం.

జవాబు: నమస్తే అండీ. ఫొటో చూశాను. చెవుల అంచులు, మోచేతులు, తోక మొదలు పూర్తిగా బోడి అయిపోయాయి, మెడ మీద పొలుసులు గట్టిపడి పగుళ్లిచ్చాయి. మైక్రోస్కోప్ కింద చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, కయోటీలో ఈ తీరు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది సార్కోప్టిస్ అనే పురుగు వల్ల వచ్చే గజ్జినే. కంటికి ఆనని ఈ పురుగుల్లో ఆడది చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి రెండు మూడు వారాలు చాలు. దురద భరించలేక జంతువు గీక్కుంటుంది, కొరుక్కుంటుంది, పుండ్లు పడతాయి, వాటిలో బ్యాక్టీరియా చేరుతుంది. మీరన్న కంపు దానిదే.

మీ అసలు భయం మేకల గురించి కదా. అక్కడ కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. పేరు ఒకటే అయినా కుక్క జాతికి అలవాటుపడిన పురుగు వేరు, మేకలకు అలవాటుపడినది వేరు. కయోటీ నుంచి వచ్చింది మేక ఒంటిమీద పాతుకుపోవడం చాలా అరుదు. రేపు మీ మేకల ముఖం మీదో చెవుల మీదో పొట్టు, చెక్కు కనిపిస్తే కయోటీని తిట్టుకునే ముందు ఈ మధ్య వేలంలో కొన్న మేకలేమైనా ఉన్నాయా చూసుకోండి. మేకల గజ్జి చాలాసార్లు మందలోకి వచ్చేది ఆ దారినే.

నాకు టెన్షన్ మీ కుక్కల గురించి. కయోటీ మీద ఉన్న పురుగు కుక్కకు సునాయాసంగా అంటుకుంటుంది. పిరనీస్ పని కయోటీని తరిమికొట్టడం, అంటే దానితో కలబడక తప్పదు. కలబడకపోయినా, అది పడుకుని లేచిన గడ్డిలో కుక్క దొర్లితే చాలు. పొడి వేడిలో ఈ పురుగులు ఒంటి బయట ఎక్కువ కాలం నిలవవు, చల్లగా తేమగా ఉంటే మాత్రం రోజుల తరబడి బతుకుతాయి. అందుకే అది పడుకునే బేళ్లను విడిగా లాగి ఎండలో పడేయండి, కుక్కలు పడుకోవడానికి వేయకండి.

కుక్క చెవి అంచును మీ వేళ్ల మధ్య పట్టుకుని రుద్ది చూడండి. వెనక కాలు దానంతటదే గీకుతున్నట్టు ఆడితే గజ్జిని గట్టిగా అనుమానించాలి. వెటర్నరీ డాక్టర్ చర్మం గీకి పరీక్ష చేస్తారు. అందులో పురుగు కనపడకపోయినా లేదని కాదు, కుక్కల్లో ఇది పరీక్షకు దొరక్కుండా తప్పించుకోవడం మామూలే. అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు మందు మొదలుపెట్టేస్తారు. ఇంట్లో ఉన్న కుక్కలన్నిటికీ ఒకేసారి చేయించండి.

ఇక చికెన్ ముక్క సంగతి. అమ్మగారిది మంచి మనసే, కానీ ఆ పని మాత్రం వద్దు. మీ ఇంట్లో ఉన్నది ఆస్ట్రేలియన్ షెపర్డ్. ఈ జాతిలో, కోలీలలో చాలా కుక్కలకు ఎండీఆర్1 అనే జన్యులోపం ఉంటుంది. ఉంటే ఐవర్‌మెక్టిన్ మెదడులోకి చేరిపోతుంది. తూలడం, చొంగ కార్చడం, చూపు పోవడం, కోమా దాకా వెళ్తుంది. గుండె పురుగులు రాకుండా నెలనెలా ఇచ్చే మాత్రలో కిలో బరువుకు 6 మైక్రోగ్రాములే ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. గజ్జికి వాడే మోతాదు 200 నుంచి 400. పశువులకు వేసే 1 శాతం ఇంజెక్షన్ మందు ఒక్క మిల్లీలీటరులో 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. ఆ ముక్క కయోటీయే తింటుందని ఎవరు హామీ ఇస్తారు? మీ షెపర్డ్ తినొచ్చు, పక్కింటి కోలీ తినొచ్చు. ఒకవేళ కయోటీయే తిన్నా ఒక్క డోసుతో పని కాదు, రెండు వారాలకు మళ్లీ వేయాలి, ఈలోపు అది పడుకునే చోటు నుంచి మళ్లీ అంటుకుంటుంది. పైగా తిండి దొరికే చోటని మీ కొట్టాన్ని మరిగిపోతుంది. ఆస్ట్రేలియన్‌కు ఎండీఆర్1 పరీక్ష ఎలాగూ చేయించి పెట్టుకోండి, ముందుముందు వేరే మందులకు కూడా పనికొస్తుంది.

కాల్చడం గురించి. టెక్సాస్‌లో కయోటీ వేటకు ఫలానా సీజన్ అంటూ లేదు. పశువుల మీద పడుతున్నదాన్ని కొట్టడానికి భూమి యజమానికి హంటింగ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. సిటీ పరిధిలో తుపాకి పేల్చడానికి మాత్రం వేరే నిబంధనలుంటాయి, కనుక్కోండి. నా మాట అడిగితే, ఫొటోలో ఉన్న దశకు వచ్చినది చలికాలం దాటడం కష్టం. చేయి తిరిగినవాళ్లు ఒక్క దెబ్బకు ముగిస్తే దానికి బాధ తప్పుతుంది. కానీ దాంతో మీ ప్రాంతంలో గజ్జి పోతుందనుకోవద్దు. దక్షిణ టెక్సాస్‌లో 1970లలో కయోటీలకు గజ్జి పెద్దఎత్తున వచ్చి, 1991 నాటికి దానంతటదే సద్దుమణిగింది. అంత జబ్బులోనూ కయోటీల సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మోంటానాలో 1905లో తోడేళ్లను, కయోటీలను తగ్గించడానికి పట్టుకున్న జంతువులకు కావాలనే గజ్జి అంటించి వదలమని చట్టమే చేశారు! కయోటీలు ఇవాళ్టికీ అక్కడ ఉన్నాయి.

ఒకటి పోతే ఆ జాగాలోకి ఇంకొకటి వస్తుంది. కాబట్టి అది మీ కొట్టానికి ఎందుకొస్తోందో చూడండి. బొచ్చు లేక ఒంట్లో వేడి నిలవదు, అందుకని గడ్డి వెచ్చదనం కోసం వస్తుంది. వేటాడే ఓపిక లేక కుక్క గిన్నెలో మిగిలిన తిండి, ఒలికిన మొక్కజొన్న, మేకలు ఈనినప్పుడు పడే మాయ, చనిపోయిన పిల్లలు వెతుక్కుంటుంది. మాయను అక్కడే వదిలేయకుండా వెంటనే తీసి లోతుగా పూడ్చండి. ఈనే కాలంలో తల్లుల్ని, పిల్లల్ని రాత్రి లోపల కట్టేయండి. ఫెన్స్ బయటివైపు నేలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో ఒక హాట్ వైర్ (కరెంటు పారే తీగ) లాగితే కిందనుంచి తవ్వుకుని దూరడం చాలావరకు తగ్గుతుంది.

ఊళ్లో ఎవరైనా చుపకాబ్రా (మేకల రక్తం తాగుతుందని చెప్పుకునే కట్టుకథల జంతువు) అని భయపెడితే పట్టించుకోకండి. 2007లో టెక్సాస్‌లోని క్వెరో ఊళ్లో దొరికిన బోడి జంతువును అలాగే అన్నారు. టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో డీఎన్ఏ చూస్తే కయోటీ అని తేలింది.

వేటగాళ్లకు ఒక మాట చెప్పండి. చచ్చిన జంతువు చల్లబడే కొద్దీ పురుగులు వెచ్చని ఒంటి కోసం వెతుక్కుంటాయి. చేతులకు గ్లౌజులు లేకుండా ఎత్తొద్దు, కుక్క ఎక్కే ట్రక్కు వెనక పడేయొద్దు. మనుషులకు అంటితే ముంజేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి దద్దుర్లు వస్తాయి. ఆ పురుగు మన ఒంటిమీద నిలవలేదు. కుక్కకు మందు పడితే మీ దురద కూడా కొద్ది వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

పగలు తిరుగుతోంది కాబట్టి పిచ్చి పట్టిందని అనుకోనక్కర్లేదు. కానీ తూలుతూ నడిచినా, మనిషిని చూసి బెదరకుండా మీదికొచ్చినా రేబిస్ గానీ డిస్టెంపర్ (కుక్కజాతికి వచ్చే ఒక వైరస్ జబ్బు) గానీ అయి ఉండొచ్చు. అలాంటిదాన్ని కొట్టాల్సి వస్తే తలమీద కాల్చకండి, రేబిస్ పరీక్షకు మెదడు కావాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కుక్కల రేబిస్ టీకా కార్డులు ఇవాళే తీసి తేదీ చూసుకోండి.