‘నేను’ అనేది ఉందా, లేదా?

ప్రశ్న: నాన్నగారు పోయాక బౌద్ధం చదువుతున్నాను. ‘నేను’ అనేదే లేదంటుంది. మెదడు శాస్త్రం కూడా అదే చెబుతోందా మేడమ్? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కొంతవరకు దగ్గరగానే వస్తోందమ్మా. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలను కలిపే నరాల కట్టను కోయించుకున్నవాళ్ల మీద మెదడు శాస్త్రవేత్త మైకేల్ గజానిగా చేసిన ప్రయోగాన్ని నేను సైకాలజీ క్లాసులో తప్పకుండా చెప్పేదాన్ని. ఒక రోగి ఎడమ మెదడుకు కోడి కాలు, కుడి మెదడుకు మంచు కురిసిన ఇల్లు చూపించారు. దానికి సరిపోయే బొమ్మ ఎంచుకోమంటే, కుడి మెదడు నడిపే అతని ఎడమ చెయ్యి మంచు ఎత్తే పార బొమ్మను ఎంచుకుంది. ఎందుకని అడిగితే, మాట్లాడేది ఎడమ మెదడు కదా, మంచును చూడని అది తడుముకోకుండా ‘కోళ్ల గూడు శుభ్రం చెయ్యాలంటే పార కావాలిగా’ అంది. కావాలని ఆడిన అబద్ధం కాదది. మనందరిలోని ‘నేను’ కూడా ఇలా కథ అల్లేదేనని గజానిగా అభిప్రాయం.

సారనాథ్‌లో బుద్ధుడు రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) ఒక్కొక్కటే తీసుకుని ‘ఇది నేను కాదు’ అని చూడమన్నాడు. అంతమాత్రాన సైన్సు బుద్ధుణ్ణి రుజువు చేసిందని నేననను. ఆయన వెతికింది దుఃఖం తీరే దారి. మీ దుఃఖం అబద్ధమని ఆయనా అనలేదు, సైన్సూ అనదు. నాన్నగారు గుర్తొచ్చి ఏడుపొస్తే ఏడవండి. ‘నేనే లేను’ అనుకుంటూ దాన్ని నొక్కిపెట్టకండి.