ప్రసారం కాని పైలట్ల సైటు గురించి అల్లుడికి ఉత్తరం

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఛానళ్లు వద్దన్న సీరియళ్ల పైలట్లన్నీ, అంటే ఛానల్‌కి చూపించడానికి ముందుగా తీసిన నమూనా ఎపిసోడ్లన్నీ, తెచ్చి ఒక వెబ్‌సైట్‌లో పెడతానని నువ్వు రాసింది చదివాను. ఆలోచన బాగుంది. పర్లాకిమిడిలో కూర్చుని టీవీ వ్యాపారం ఏమిట్రా అని మీ నాన్న విసుక్కున్నాడట. అది పట్టించుకోకు, సైటు ఎక్కడినుంచి నడిపినా ఒకటే. హైదరాబాద్‌లో సీరియళ్లకి ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

సైటుకి పేరు, లోగో అప్పుడే చేయించేశావట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందు కాగితాల సంగతి చూడు. టేపు ఎవరి ఇంట్లో ఉంటే హక్కు వాళ్లదే అనుకుంటారు చాలామంది. అలా కుదరదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లదే మొదటి హక్కు. దూరదర్శన్ రోజుల్లో నిర్మాతే చేతి డబ్బు పెట్టి పైలట్ తీసి ఆమోదానికి పంపుకునేవాడు. అలాంటివాటికి నిర్మాతని పట్టుకోవాలి. ఛానల్ డబ్బిచ్చి తీయించిందైతే, డైరెక్టర్ గారి బీరువాలో పాతికేళ్లుగా ఉన్నా అది ఛానల్‌దే. ఆయన ప్రేమకొద్దీ 'పట్టుకెళ్లు బాబూ' అన్నా పట్టుకురాకు. నిర్మాత పోయి ఉంటే వారసులందరి సంతకాలూ తీసుకో. పెద్దకొడుకు సంతకంతో సరిపెట్టుకుంటే రెండోవాడు నోటీసు పంపిస్తాడు.

పాతవి కదా, హక్కులు ఎప్పుడో పోయుంటాయిలే అనుకోవద్దు. చట్టంలో చెప్పిన 60 ఏళ్లు జనంలోకి వచ్చిన సంవత్సరం దాటాక మొదలవుతాయి. ప్రసారమే కాని పైలట్‌కి ఆ లెక్క ఇంకా మొదలే కాలేదు. నువ్వు సైట్‌లో పెట్టాకే మొదలవుతుంది, చూడు తమాషా! 1990లలో రాసుకున్న ఒప్పందాల్లో ఇంటర్నెట్ అన్న మాటే ఉండదు. అందుకని పాత కాగితం చూపిస్తే సరేననకుండా కొత్తది రాయించు. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. నీ సైటు అమెరికాలో ఉన్న మనవాళ్లూ చూస్తారు కాబట్టి ఆ రెండూ మర్చిపోకు. ఇంకో తంటా సంగీతం. బయటికి పోయేది కాదులే అని వెనకాల ఏ సినిమా ట్యూనో వేసేసి ఉంటారు. ఆ ముక్కకి విడిగా అనుమతి దొరక్కపోతే తీసేసి వేరే సంగీతం వేయించుకోవాలి.

ఇక టేపులు. బీటాకామ్, యూమాటిక్ అనే ఆ పాత రకం వీడియో టేపులు మన సముద్రపు గాలికి బూజు పడతాయి. క్యాసెట్ మూత ఎత్తి, లోపలి టేపు చుట్ట అంచు మీద టార్చ్ వేసి చూడు. తెల్లగా పొడిలా కనిపిస్తే మెషీన్‌లో పెట్టనే వద్దు. ఆ బూజు మెషీన్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి టేపునీ పాడుచేస్తుంది. అలాంటివి విడిగా కవర్లో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకి ఇవ్వు. బాగున్నవి కాపీ చేసేటప్పుడు మొదట్లో వచ్చే కలర్ బార్లు (రంగు పట్టీలు), వివరాలు రాసిన స్లేటు కోసేయకు. తేదీ, ఎన్నో ఎడిట్ కాపీ అన్నది అక్కడే దొరుకుతుంది. నాకైతే అవి చూడ్డమే సరదా.

ఉత్త పైలట్ పెడితే జనం రెండు నిమిషాలు చూసి పోతారు. ఛానల్ ఎందుకు వద్దంది, తర్వాత ఏమైంది అన్నదే అసలు సరుకు. 'స్టార్ ట్రెక్' అనే అమెరికా సీరియల్ మొదటి పైలట్‌ని అక్కడి ఎన్‌బీసీ ఛానల్ వాళ్లు వద్దని, ఇంకోటి తీసుకురమ్మన్నారు. ఆ మొదటిది పూర్తిగా ప్రసారమయ్యేసరికి 1988 వచ్చింది. ఆ కథ తెలిసినవాడు దాన్ని వేరే కళ్లతో చూస్తాడు. కాబట్టి ప్రతి పైలట్‌కీ దర్శకుడినో కెమెరామన్‌నో పది నిమిషాలు మాట్లాడించు. పెద్దవాళ్లు, ఆలస్యం చేయకు. కొత్త పైలట్లు పెట్టి ప్రేక్షకుల చేత ఎంపిక చేయిద్దామనీ రాశావు. 2013లో అమెజాన్ అదే మొదలుపెట్టి, కొన్నేళ్లకి ఆపేసింది. అంత డబ్బున్నవాళ్లే మానుకున్నారు, నువ్వు దాని జోలికి పోకు.

నీ దగ్గర హైదరాబాద్ కుర్రాళ్లకి లేనిది ఒకటుంది. నువ్వు ఒరియా, తెలుగూ రెండూ చదవగలవు. కటక్, భువనేశ్వర్‌లలో కూడా ఇలాంటి టేపులు పడుంటాయి, వాటిని ఎవరూ అడగరు. తెలుగు పైలట్‌కి ఒరియా సబ్‌టైటిల్స్, ఒరియా దానికి తెలుగువి వేశావంటే మన బరంపురం, గునుపురం, రాయగడ జనమే నీ మొదటి ప్రేక్షకులు. వాళ్లు అటూ ఇటూ రెండూ చూసేవాళ్లే. సబ్‌టైటిల్స్ మాత్రం మెషీన్ మీద వదిలేయకు, మన యాస దానికి పట్టుబడదు.

ఆదాయం సంగతి. ప్రకటనల మీద ఆశ పెట్టుకోకు, చూసేవాళ్లు తక్కువే ఉంటారు. సినిమా కోర్సులు చెప్పే కాలేజీలకి ఏడాది చందా అడిగి చూడు. నిర్మాతకి ముందు సొమ్ము ఇస్తానని మాట ఇవ్వకు, వచ్చినదాంట్లో వాటా అను. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే బీరువాలో ఉన్నంతకాలం వాళ్లకి వచ్చేది సున్నా. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఒప్పందం నమూనా లాయర్ చేత రాయించాక నాకో కాపీ పంపు, ఎవరికైనా ఇచ్చే ముందు చదివి చెప్తాను.

మావయ్య